ఎవరికీ చెప్పకూడని బియ్యం

మేరకపట్నంలో పాతరేవు వీధి జనానికి ఆ ఏడాది వచ్చిన తుఫానులో పెద్దగా ఏ ఇబ్బందీ కలగలేదు. అధికారులకు అనుమానం వచ్చింది సరిగ్గా అక్కడే.

ఊళ్లో తక్కిన వీధులన్నీ ఐదు రోజులపాటు అన్నానికీ దీపానికీ అల్లాడిపోతే, నలభై గడపలున్న ఆ ఒక్క వీధి మాత్రం రెండు పూటలా వేడన్నం తిన్నది. అదెలా సాధ్యమైందో తేల్చమని పైవాళ్లు ఒక కమిటీ వేశారు. కమిటీ పదకొండు నెలలు కూర్చుని, తప్పంతా కోలా ఆదెమ్మదని తేల్చింది.

ఆదెమ్మ అరవై దాటిన మనిషి. వీధి చివర ఎత్తు అరుగుల పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. ఆవిడ అటక మీద ఏడాది పొడుగునా రెండు బస్తాల బియ్యం, చింతపండు ఉండలు, ఎండుచేపలు, కిరసనాయిలు డబ్బా ఉంటాయని ఆ వీధిలో పాకే పిల్లలకి కూడా తెలుసు. గాలి మొదలవగానే జనం ఎవరి కంచం వాళ్లు పట్టుకుని ఆ ఇంటికి పోయారు. ఒకరు కట్టెలు మోశారు, ఒకరు గంజి వార్చారు, ఐదు రోజులూ ఒకే పొయ్యి మీద గడిచిపోయాయి. మామూలు మనుషులు దీన్ని మంచితనం అనేస్తారు. కమిటీ అంత తొందరపడలేదు. "ఒక గృహము యొక్క ముందుజాగ్రత్త బహిర్గతమగుటవలన ముప్పది తొమ్మిది గృహములు నిర్లక్ష్యమునకు అలవాటుపడినవి" అని నివేదికలో రాసింది. దానికి మందు కూడా రాసింది. ఇకమీదట ప్రతి ఇల్లూ ఆపదకాలానికి సరుకు దాచుకోవాలి. ఏం దాచుకుందో, ఎంత దాచుకుందో, ఎక్కడ దాచుకుందో ఇరుగుపొరుగుకు గాని, దారినపోయే వాళ్లకు గాని తెలియకూడదు.

ఆ విధంగా గృహ సంసిద్ధతా గోప్యతా విభాగం పుట్టింది. దానికి అధికారి వైకుంఠ పాణిగ్రాహిగారు. ఆయన చొక్కా జేబులో నాలుగు కలాలుండేవి. ఏ కలంతో ఏం రాస్తారో ఎవరికీ చెప్పేవారు కాదు. ఆయన కింద వీధికొక సహాయకుణ్ణి వేశారు. పాతరేవు వీధికి, ఆ వీధిలోనే కాపురముంటున్న గనగళ్ల నూకరాజు కుదిరాడు.

నూకరాజు చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అలాంటివాళ్లు ఏ విభాగానికైనా దొరకడం అదృష్టం, వాళ్ల ఇంట్లోవాళ్లకి కాదు. ఉద్యోగం రెండేళ్లు తాత్కాలికం. ఆ రెండేళ్లలో అతని వీధిలో ఒక్క ఇంటి సరుకు గుట్టు కూడా బయటపడకపోతే ఖాయం చేస్తారు. ఖాయమైనవాళ్లకి ఆస్పత్రి కార్డు వస్తుంది. నూకరాజు కన్నంతా ఆ కార్డు మీదే ఉంది. అతని పెళ్లాం ఈశ్వరమ్మకి ఉబ్బసం. ముసురు పట్టిందంటే ఊపిరందక గోడకి జారగిలబడిపోతుంది. పోయిన తుఫానులో ఆదెమ్మే ఆమెను తన నడింట్లో పొడి చోట కూర్చోబెట్టుకుని, వీపు రాస్తూ కాపాడింది. నూకరాజు అది మరిచిపోయే రకం కాదు. పాణిగ్రాహిగారి దగ్గర ఆ మాట ఎత్తే రకమూ కాదు.

మొదటి చిక్కు తనిఖీలోనే వచ్చింది. సరుకు ఉందో లేదో చూడాలి. చూస్తే గోప్యత పోతుంది. సహాయకులంతా తల గోక్కుంటుంటే పాణిగ్రాహిగారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "తనిఖీ జరుగవలెను, దర్శనము జరుగరాదు."

అంచేత నూకరాజు ప్రతి నెలా ఒక్కొక్క గడప దగ్గరా వీధివైపు మొహం పెట్టి, ఇంటివైపు వీపు పెట్టి నిలబడి, "గృహస్థు తన కర్తవ్యం నెరవేర్చాడా?" అని అడిగేవాడు. ఇంట్లోవాళ్లు అవుననకూడదు, అంటే పక్కింటివాళ్లు వింటారు. కాదనకూడదు, అంటే శిక్ష. కాబట్టి మాట్లాడకుండా ఉండాలి. ఆ మౌనం విని అతను కాగితం మీద 'సంతృప్తికరం' అని రాసుకునేవాడు. ముప్పై ఒకటో ఇంట్లో మౌనం మరీ నిండుగా ఉందని 'మిక్కిలి సంతృప్తికరం' అని రాశాడు. ఆ ఇంటివాళ్లు తాళం వేసుకుని పెళ్లికి వెళ్లారని తర్వాత తెలిసింది. అయినా రాసింది కొట్టివెయ్యలేదు. ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి కూడా గోప్యమే గదా అని పాణిగ్రాహిగారు మెచ్చుకున్నారు.

రెండో చిక్కు బజార్లో. పది కిలోల బియ్యం నెత్తినపెట్టుకు పోతుంటే ఏ ఇంటికి పోతున్నాయో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. "సరుకును సరుకువలె మోయరాదు" అని ఉత్తర్వు వచ్చింది. జనం దిండు గలీబుల్లో బియ్యం మోసుకోవడం మొదలుపెట్టారు. కందిపప్పు డోళ్లలో ప్రయాణం చేసింది. కిరసనాయిలు పన్నీరు బుడ్లలోకి మారింది. పొద్దున్నే చూస్తే ఊరు ఊరంతా పరుపులతో, మేళాలతో ఎక్కడికో తరలిపోతున్నట్టుండేది. ఒకసారి అసలు డోలు వాయించే మేళం పెళ్లికని ఊళ్లోకొస్తే, జనం మర్యాద కోసం తలలు పక్కకి తిప్పుకున్నారు.

ఆ తర్వాత తోడు మీదికొచ్చారు. సాయంకాలం పూట చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి పోయి ఇంత పెరుగు తోడుకి అడగడం ఆ వీధిలో ఎప్పటినుంచో ఉన్నదే. అలా అడిగితే అడిగిన ఇంట్లో పాలున్నాయనీ, ఇచ్చిన ఇంట్లో పెరుగుందనీ రెండు గుట్లు ఒకే గిన్నెలో బయటపడుతున్నాయని విభాగం కనిపెట్టింది. తోడు అడగడం, ఇవ్వడం నిషేధించారు. రెండు వారాల్లో వీధిలో సగం ఇళ్లలో పెరుగు లేకుండా పోయింది. ఒక ఇంట్లో తోడు పులిసి పాడైంది, ఒక ఇంట్లో పిల్లి తాగేసింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు. అప్పుడే ఆదెమ్మ నూకరాజుని అరుగు మీంచి పిలిచి నిలబెట్టింది.

"మజ్జిగ సుక్కకి కూడా సాటేటిరా, నూకా? రేపు నాకు నిప్పులు కావాలంటే ఎవల్నడగాల?"

అది ఆరో అనుబంధంలో ఉందని నూకరాజు వినయంగా మనవి చేసుకున్నాడు. అందులో నిప్పుల సంగతి లేదు. చెప్పి వచ్చాక ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే లేచి మళ్లీ తనిఖీకి వెళ్లాడు.

వేసవి వచ్చేసరికి విభాగానికి అసలైన పరీక్ష ఎదురైంది. ఆవకాయ. తుఫానుకాలంలో నాలుగు మెతుకులు లోపలికి పోయేది ఆవకాయతోనే గనక అది ఆపదకాలపు సరుకేనని తేలింది. కాని మామిడికాయలు కొట్టే చప్పుడు, ఆవపిండి ఘాటు ఏ గలీబులోనూ దాగవు. ఎవరింట్లో ఆవకాయ పడిందో వీధి చివరినుంచే చెప్పెయ్యొచ్చు. పాణిగ్రాహిగారు నాలుగు రోజులు సెలవు పెట్టి ఆలోచించారు. అయిదో రోజు ఉత్తర్వు వచ్చింది. ఊళ్లో ప్రతి ఇల్లూ ఒకే రోజు, పది గంటలనుంచి పన్నెండు గంటలవరకు, తలుపులు మూసుకుని ఆవకాయ పెట్టాలి. పెట్టుకోనివాళ్లు కూడా రెండు గుప్పిళ్ల కారం ఇంట్లో ఎగరెయ్యాలి.

ఆ రోజు పది కొట్టగానే మేరకపట్నం మొత్తం ఒక్కసారి తుమ్మింది. పాణిగ్రాహిగారు పాతరేవు వీధి మధ్యలో ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్లల్లోంచి నీళ్లు ధారలుగా కారుతుంటే, అటూ ఇటూ వాసన చూసి, "ఏ గృహము యొక్క ఘాటో నిర్ధారించుట అసాధ్యము. ఇది విజయము" అని ప్రకటించారు. ఆ విజయం ఈశ్వరమ్మ గొంతులోకి దిగింది. రెండు రోజులు ఆమె మంచం మీద కూర్చునే ఉంది, పడుకోలేకపోయింది. నూకరాజు పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరాడు. తన ఉద్యోగమే తన పెళ్లాన్ని ఇంతపని చేసిందని అతనికి తెలుసు. ఏడుపొచ్చింది గాని, కార్డు వస్తే అన్నీ సర్దుకుంటాయని సరిపెట్టుకున్నాడు. దగ్గు తెరిపిచ్చినప్పుడు ఈశ్వరమ్మ ఒక్క మాట అంది. "మావా, ఊరందరి గుట్టూ నా గొంతుకే అడ్డం పడినాదేటి?"

రెండో ఏడు విభాగం ఇంటి లోపలికి వచ్చింది. "కుటుంబసభ్యుడే అతి సమీపమున నున్న పొరుగువాడు" అని పాణిగ్రాహిగారు ఒక సభలో సెలవిచ్చారు. దాంతో మొగుడు దాచింది పెళ్లానికీ, పెళ్లాం దాచింది మొగుడికీ తెలియకూడదన్నారు. మూడు నెలలు తిరిగేసరికి ఆలోచన ఇంకా ముందుకు సాగింది. తెలిసినవాడు ఎప్పుడో ఒకప్పుడు చెప్పేస్తాడు. తెలియనివాడు చెప్పలేడు. కనక దాచుకున్న మనిషికి కూడా తెలియకుండా ఉండడమే అసలైన గోప్యత.

ఒక ఆదివారం వీధివాళ్లందరినీ స్కూలు మైదానంలో కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. నూకరాజు నలభై ఇళ్లల్లో ముప్పై తొమ్మిదింటికి వెళ్లి సరుకంతా స్వయంగా దాచాడు. గోడ గూళ్లలో, గచ్చు కింద, రుబ్బురోళ్ల అడుగున, దేవుడి పటాల వెనక. రాసుకోకూడదు గనక అంతా ఎక్కంలా బట్టీ పట్టాడు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ మనసులో వల్లెవేసుకునేవాడు. నలభయ్యో ఇల్లు తనది. అందులో సరుకు దాచడానికి పక్క వీధి సహాయకుడు జోగినాయుడు వచ్చాడు. ఈశ్వరమ్మ పీల్చే మందు చేతిలో ఒకటే ఉంచి, తక్కిన నాలుగు డబ్బాలూ అతనే ఎక్కడో పెట్టాడు. తడవని చోటేనా అని నూకరాజు అడిగితే జోగినాయుడు గాలిలోకి చూశాడు. ఆ చూపు కూడా గుట్టు చెప్పినట్టవుతుందేమోనని తర్వాత ఇద్దరూ భయపడ్డారు.

ఇళ్ల పని పూర్తయ్యాక విభాగం తన సొంత ఇల్లు చక్కబెట్టుకుంది. ఊరి తుఫాను షెల్టరు ఎక్కడుందో అందరికీ తెలియడం తప్పు గదా అని బోర్డు పీకేశారు, మెట్లు తీసేశారు, కిటికీలు మూసి సున్నం కొట్టారు. అన్నిటికన్నా గోప్యంగా ఉన్న ఇంటికి బహుమతి కూడా ఇచ్చారు. ఎవరికిచ్చారో చెప్పలేదు గనక, వీధిలో ఎవరికి వాళ్లు తమకే వచ్చిందని సంతోషపడ్డారు. చివరగా తుఫాను హెచ్చరిక. అది వింటే జనం కంగారుపడి సరుకు బయటికి తీస్తారు, ఒకరిది ఒకరు చూస్తారు. అంచేత ఇకమీదట హెచ్చరికను సీలు వేసిన కవరులో ఇంటింటికీ ఇస్తారు. తుఫాను తీరం దాటాక విప్పి చదువుకోవాలి.

నూకరాజు ఆ కవర్లు పంచిన మర్నాడు పొద్దున్న తొమ్మిది గంటలకి తుఫాను వచ్చింది. అతని రెండేళ్లు పూర్తవడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

మొదటి రోజు ఊళ్లో చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, వీధిలో మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. రెండో రోజు నీళ్లు నడుము దాకా లేచి, ఎత్తు అరుగుల ఆదెమ్మ ఇల్లు తప్ప అన్ని గడపలూ దాటాయి. నలభై ఇళ్లలోనూ జనం మంచాల మీద, బల్లల మీద కూర్చుని ఆకలితో ఉన్నారు. బియ్యం ఇంట్లోనే ఉన్నాయని అందరికీ తెలుసు. ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఆదెమ్మ ఇంటికి పోదామన్న ఆలోచన ఎవరికైనా వచ్చినా, ఆవిడ బియ్యం కూడా సర్కారు దాచేసింది గదా అని ఆగిపోయారు.

మధ్యాహ్నానికి ఈశ్వరమ్మ చేతిలో మందు అయిపోయింది. నూకరాజు ఇల్లంతా గాలించాడు. గూళ్లు తడిమాడు, గచ్చు పెకలించాడు, మంచం కోళ్లు ఊడదీసి చూశాడు. జోగినాయుడు మంచి సహాయకుడు. అతని వీధికీ దీనికీ మధ్య కాలవ పొంగి మనిషిలోతు పారుతోంది. ఈశ్వరమ్మ గోడకి ఆనుకుని నోరు తెరిచి పీలుస్తోంది. లోపలికి పోయేది కనబడడం లేదు. పెదాలు నీలంగా తిరిగాయి. అప్పటికీ ఆమె మొగుడి మీద కోపం లేనట్టే చూస్తోంది, అది అతను భరించలేకపోయాడు.

నాలుగో ఇంట్లో ఉండే రిటైరైన డ్రిల్లు మేస్టారు భానోజీగారికి కూడా ఉబ్బసమే. ఆయన మందుపెట్టె దాచింది నూకరాజే. ఎక్కడుందో ఈ లోకంలో తెలిసిన మనిషి అతనొక్కడే. చెబితే గుట్టు బయటపడ్డట్టే, కార్డు పోయినట్టే. పదకొండు రోజులు. ఈశ్వరమ్మ రెండు ఊపిరుల మధ్య ఎంత ఎడం ఉందో అంతసేపు అతను ఆ లెక్క వేసుకున్నాడు. తర్వాత నీళ్లల్లోకి దూకాడు.

భానోజీగారి గడప దగ్గర అలవాటు కొద్దీ వీధివైపు తిరిగి నిలబడ్డాడు. మరుక్షణం ఇంటివైపు తిరిగాడు. రెండేళ్లలో ఆ గడప దగ్గర నిలబడి ఇంట్లోవాళ్ల మొహాలు చూడడం అదే మొదలు. మనుషులు చిక్కిపోయి ఉన్నారు.

"మేస్టారూ, మీ మందుపెట్టి రుబ్బురోలు అడుగున పెట్టినాను. ఒకటి మా ఈసరమ్మకి ఇప్పించండి. దానికి ఊపిరాడతం లేదు."

మేస్టారు నీళ్లల్లోకి వంగి రోలు దొర్లించి, రేకుపెట్టె పైకి తీసి, ఒకటి కాదు, రెండు డబ్బాలు అతని చేతిలో పెట్టాడు. నూకరాజు నీళ్లు తోసుకుంటూ ఇంటికొచ్చి పడ్డాడు. మందు నాలుగుసార్లు లోపలికి పోయాక ఈశ్వరమ్మ ఛాతీ నెమ్మదించింది. పెదాలకి రంగు వచ్చింది. అతను ఆమె కాళ్ల దగ్గర నీళ్లల్లోనే కూలబడి కాసేపు ఏడ్చాడు.

ఏడుపయ్యాక తలెత్తితే గుమ్మంలో మేస్టారు నిలబడి ఉన్నాడు. బియ్యం సంగతి కూడా చెప్పెయ్యమన్నాడు. ఎలాగూ పోయిందే పోయిందని నూకరాజు వీధి మధ్యకి వచ్చి, గొంతెత్తి, మొదటి ఇంటి నుంచి ఎక్కం అప్పజెప్పడం మొదలుపెట్టాడు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గోడలు పగిలాయి, పటాలు దిగాయి, డోళ్లు విప్పారు. సగం సరుకు తడిసిపోయింది, సగం బాగానే ఉంది. పొడి పొయ్యి ఉన్నది ఎత్తు అరుగుల ఇంట్లోనే గనక అందరూ ఎవరికి దొరికింది వాళ్లు తల మీద పెట్టుకుని ఆదెమ్మ ఇంటికి నడిచారు. ఈశ్వరమ్మని నులకమంచం మీద మోసుకొచ్చారు.

ఆదెమ్మ పొయ్యి రాజేస్తూ, ఊరందరివీ చెప్పావు గాని నావి ఎక్కడ పెట్టావని అడిగింది.

"అటక మీదే ఉన్నాయత్తా. అక్కడ ఎవరూ ఎతకరని."

ఆదెమ్మ అటకవైపు చూసింది. రెండు రోజులు దాని కిందే పస్తులుంది. నిచ్చెన తెచ్చి వేసింది.

నాలుగో రోజుకి నీళ్లు తీశాయి. పాణిగ్రాహిగారు ట్రాక్టరు మీద వచ్చారు. చొక్కా జేబులో ఒక్క కలమే మిగిలింది. దారిలో కనిపించిన ప్రతి వీధీ ఆకలితో, గోప్యంగా ఉంది. పాతరేవు వీధిలో మాత్రం నలభై ఇళ్లవాళ్లు ఒకే అరుగు మీద వరసగా కూర్చుని పప్పూ అన్నం తింటున్నారు. కలుపుకున్న ఆవకాయ ఎవరింటిదో ఎవరికీ పట్టలేదు. ఆయన ట్రాక్టరు దిగారు. నూకరాజు విస్తరి ముందునుంచి లేచి నిలబడ్డాడు.

విచారణ అక్కడికక్కడే మొదలైంది. పాణిగ్రాహిగారు కాగితం తీసి, పేరుపేరునా పిలిచి, ఒకే ప్రశ్న వేశారు. "నిక్షిప్త వస్తువుల స్థానమును మీకు వెల్లడించిన వ్యక్తి ఎవరు?"

మొదట భానోజీ మేస్టారు నిలబడి, అది గోప్యమండి అని కూర్చున్నాడు. తర్వాతి మనిషి కూడా అదే మాట అన్నాడు. ఆ పై మనిషీ అంతే. కొందరు మాట్లాడకుండా వీధివైపు మొహం తిప్పి నిలబడ్డారు. ఆ మౌనాన్ని ఏమని రాయాలో రెండేళ్ల కిందట నేర్పింది ఆయనే. ఈశ్వరమ్మ మంచం మీంచే, తనకి మొగుడి సంగతులేవీ తెలియవని చెప్పింది. చివరికి ఆదెమ్మ వంతు వచ్చింది.

"సెప్పకూడదు గదా బాబూ," అంది. "తమరు నేర్పినదే గదా."

పాణిగ్రాహిగారు కాగితం మీద లెక్క చూసుకున్నారు. నలభై ఇళ్లు, నూట ఎనభైమంది మనుషులు, ఒక్క మాట కూడా బయటికి పొక్కలేదు. విభాగం పెట్టాక ఇంత పక్కా గోప్యత ఇంకెక్కడా కనబడలేదు. వేరే దారి లేక 'వెల్లడి: శూన్యము. సహాయకుడు అర్హుడు' అని రాశారు. రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది. అది కోపమనుకుని నూకరాజు హడలిపోయాడు. ఎంతోమందికి అన్నం పెట్టిన మనిషి గనక ఆదెమ్మకి అదేమిటో తెలిసింది.

"తమరు తిని ఎన్నాళ్లయినాది బాబూ?"

"అది గోప్యము," అన్నారు పాణిగ్రాహిగారు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుండిపోయారు. తన స్థాయి అధికారుల సరుకు దాచడానికి రాజధానినుంచి ప్రత్యేకంగా మనుషులు వచ్చారని, చాలా సమర్థులని, వాళ్ల ఫోన్లు పలకడం లేదని, ఇంటి గోడలు ఇప్పటికి రెండు పడగొట్టి చూశానని మెల్లగా చెప్పారు.

ఆదెమ్మ విస్తరి వేసింది. ఆయన నియమం తప్పకుండా గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఈశ్వరమ్మ లేచి వచ్చి తానే అన్నం వడ్డించింది. మూడుసార్లు మారు పెట్టించుకున్నారు. ఆయన తింటున్నంతసేపూ వీధి వీధంతా తలలు పక్కకి తిప్పుకునే ఉంది.

చెయ్యి కడుక్కుని ట్రాక్టరు వైపు నడవబోతుంటే ఆదెమ్మ ఖాళీ కేరియర్లు రెండు తెచ్చి ముందు పెట్టింది.

"ఇంట్లో ఎంతమందండి, బాబూ?"

ఆ ప్రశ్న అడగడం రెండేళ్లుగా నేరం. జవాబు చెప్పడం అంతకన్నా పెద్ద నేరం. ఆ రెండు నిషేధాలూ ఆయన సంతకంతో వచ్చినవే. పాణిగ్రాహిగారు వీధి ఆ చివరనుంచి ఈ చివరవరకు ఒకసారి చూసి, ఆవిడ దగ్గరగా వంగారు.

"అయిదుగురం," అన్నారు. "చిన్నదానికి నాలుగేళ్లు. కారం తినదమ్మా."